స్పార్క్ ప్లగ్గులు ముందా, కంప్యూటర్ అప్‌డేట్ ముందా? (2015 ఆడి టీటీ, నెల్లూరు)

విడవలూరు రైతు

అందరికీ నమస్కారం. నేను విడవలూరు మండలంలో రొయ్యల చెరువులు చేస్తాను. నా దగ్గర 2015 మోడల్ ఆడి టీటీ ఉంది. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 230 హార్స్‌పవర్, 370 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్, నాలుగు చక్రాలకూ పవర్. రెండేళ్ల క్రితం చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇరవై ఏళ్లు చెరువు గట్టు మీద పడుకుని సంపాదించిన డబ్బు అది. దాని మోతలో చిన్న తేడా వచ్చినా నాకు అన్నం సహించదు.

ఇప్పుడు తేడా వచ్చింది. పోయిన నెల తెల్లవారుజామున చెన్నై బయలుదేరాను. వెంకటాచలం టోల్‌గేటు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఐదో గేరులో, 80 వేగంలో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. 3,000 ఆర్పీఎం దాటగానే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగి వదిలినట్టు వరుసగా మూడు కుదుపులు. ఇంజను దీపం మూడు నాలుగు సెకన్లు మిణుకుమిణుకుమని, ఆ తరువాత ఆగకుండా వెలుగుతూ ఉండిపోయింది. కాలు తీస్తే కారు మామూలుగానే నడిచింది. నిదానంగా పోతే ఏ ఇబ్బందీ లేదు. నిలబడి ఉన్నప్పుడు ఇంజను గడియారంలా నడుస్తుంది. పూర్తిగా తొక్కితేనే, అదీ పెద్ద గేరులో ఉన్నప్పుడే కుదుపు.

నా దగ్గరున్న చిన్న స్కానర్ పెడితే పీ0303 అని వచ్చింది. మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండటం లేదు అని చదివాను. నాకు కంప్యూటర్ల సంగతి తెలియదు కానీ ఇంజను మోత తెలుసు. రాత్రి రెండు గంటలకు జనరేటర్ ఒక్క దెబ్బ తప్పి కొట్టినా నిద్రలోంచి లేచి కూర్చుంటాను, ఎందుకంటే అది ఆగితే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయి, తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ చెవితోనే చెబుతున్నాను, ఈ కారు ఒక దెబ్బ మింగుతోంది.

చెన్నైలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. "ప్లగ్గులు ఇంకా పదివేల కిలోమీటర్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్ పాతది, అప్‌డేట్ చేస్తే కుదుపు పోతుంది, ఇంకో యాభై హార్స్‌పవర్ కూడా వస్తుంది" అన్నారు. బానెట్ ఎత్తలేదు, ప్లగ్గు ఒక్కటీ తీసి చూడలేదు. నెల్లూరులో మా జనరేటర్లు చూసే మెకానిక్ మాత్రం "ముందు ప్లగ్గులు మార్చు, కంప్యూటర్ జోలికి పోకు" అన్నాడు. ఈ కారు తనకు కొత్త అని కూడా నిజాయతీగా చెప్పాడు. మీటరు మీద 58,000 కిలోమీటర్లు ఉన్నాయి. సర్వీసు పుస్తకంలో ప్లగ్గులు మార్చినట్టు ఎక్కడా లేదు.

ఏది ముందు చేయాలి? చెన్నైవాళ్లు అంటున్న అప్‌డేట్ కంపెనీవాళ్లు ఇచ్చేదేనా, వేరే ఏదైనానా? ప్లగ్గులు నేనే మార్చుకోవచ్చా? పానాలు, సాకెట్లు ఉన్నాయి, ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ రెంచ్ లేదు. వచ్చే నెల చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మీదకు తీసుకెళ్లాలని ఆశ. తొందరపడి ఇంజను పాడుచేసుకోవడం మాత్రం ఇష్టం లేదు.

కావలి కుర్రవాడు

అన్నా, ఖర్చు లేని పని ఒకటి ముందు చేయండి. ఇంజను చల్లబడ్డాక మూడో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది) తీసి ఒకటో దానిలో పెట్టండి, ఒకటో దాని కాయిల్ మూడులో పెట్టండి. కోడ్ చెరిపేసి ఒకసారి నడపండి. పీ0301 వస్తే కాయిల్ పోయినట్టు. మళ్లీ పీ0303 వస్తే కాయిల్ మంచిదే, ప్లగ్గో ఇంకేదో చూడాలి. కనెక్టర్ల ప్లాస్టిక్ లాక్ వేడికి పెళుసుబారి ఉంటుంది, బలంగా లాగితే విరుగుతుంది. నాది విరిగింది, అందుకే చెబుతున్నాను.

చీమకుర్తి గెలాక్సీ

ప్లగ్గులే ముందు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

నేను గ్రానైట్ క్వారీలో యంత్రాల మరమ్మతు చూస్తాను, నా సొంతానికి ఒక టర్బో పెట్రోలు కారు ఉంది. మీరు చెప్పిన లక్షణం, అంటే నిదానంలో బాగుండి, పెద్ద గేరులో నిండుగా తొక్కినప్పుడు మాత్రమే కుదుపు, అరిగిన ప్లగ్గు చెప్పే మాటే. టర్బో గాలిని ఒత్తి సిలిండర్‌లోకి నింపుతుంది. గాలి ఎంత చిక్కగా ఉంటే దాని గుండా నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గు అరిగేకొద్దీ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందు పెరుగుతుంది. నిదానంగా పోయేటప్పుడు కాయిల్ ఆ సందును దాటించగలదు. బూస్ట్, అంటే టర్బో ఒత్తిడి, నిండుగా వచ్చినప్పుడు దాని బలం చాలదు. రవ్వ దూకదు, లేదా పింగాణీ పక్కనుంచి జారిపోతుంది. మండని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. దీపం మిణుకుమనడం దానికి గుర్తు. ఆగి వెలిగే దీపంతో ఇంటికి రావచ్చు, మిణుకుమంటే కాలు తీయాల్సిందే. బాగుచేసేదాకా దయచేసి నిండుగా తొక్కకండి, కన్వర్టర్ ధరతో వంద ప్లగ్గులు వస్తాయి.

మీరే మార్చుకోవచ్చు. నాలుగూ ఇంజను నెత్తి మీదే ఉంటాయి, కింద పడుకోవలసిన పని లేదు. ఇంజను పూర్తిగా చల్లబడాలి, రాత్రి నిలిపి పొద్దున చేయడం మేలు. సిలిండర్ల పైమూత అయిన అల్యూమినియం హెడ్డు వేడి మీద ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే మర పాడవుతుంది.

ఇప్పుడు నేను ఎక్కువ చెప్పదలచుకున్న సంగతి దుమ్ము. మా ఊళ్లో రాతిపొడి గాలిలోనే ఉంటుంది. కాయిల్ తీయగానే ప్లగ్గు బావిలో టార్చి వేసి చూడండి, అడుగున ప్లగ్గు చుట్టూ ఉంగరంలా మట్టి కూర్చుని ఉంటుంది. ప్లగ్గు తీసిన మరుక్షణం అది సిలిండర్‌లోకి రాలుతుంది. రాయి, ఇసుక సిలిండర్ గోడను ఎలా గీస్తాయో ప్రతిరోజూ చూసేవాడిని. ప్లగ్గు ఇంకా బిగించి ఉండగానే గాలి గొట్టంతో బావిని ఊదండి. తరువాత పావు చుట్టు వదులు చేసి మళ్లీ ఊదండి. అప్పుడే పూర్తిగా తీయండి. మీకు రాతిపొడి లేకపోయినా సముద్రపు ఇసుక, ఉప్పు గాలి ఉన్నాయి. కాయిల్ కనెక్టర్ల పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో కూడా చూడండి.

కొత్తవి కొనేటప్పుడు నంబరు చూసి కొంటాం కదా, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ప్లగ్గు మీద ఉన్న హీట్ రేంజ్ అంకె కంపెనీని బట్టి తలకిందులవుతుంది. ఎన్‌జీకే, డెన్సో లెక్కలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, అంటే వేడిని త్వరగా హెడ్డులోకి వదిలేది. బాష్ లెక్కలో అంకె పెరిగితే వేడి ప్లగ్గు. ఒక కంపెనీ అంకె చూసి ఇంకో కంపెనీలో అదే అంకె అడిగితే మొత్తం తారుమారు. మీ కారుకు చెప్పిన పార్ట్ నంబరుతో నాలుగూ ఒకే పెట్టెలోవి కొనండి. సందు కొలిచి చూడండి. ఇరిడియం, ప్లాటినం ప్లగ్గుల మధ్య కొన సన్నగా ఉంటుంది, దాన్ని ఆనుకుని ఏదీ తోయవద్దు. వైరు బ్రష్షు అసలే వద్దు.

చేత్తో తిప్పుతూ ఎక్కించండి, చివరిదాకా వేళ్లతోనే పోవాలి. మధ్యలో బిగిసినట్టుంటే వెనక్కు తీసి మళ్లీ మొదలుపెట్టండి. ఆ తరువాత టార్క్ రెంచ్. 14 మిల్లీమీటర్ల మర, అల్యూమినియం హెడ్డు అయితే సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, కానీ మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. రెంచ్ కొనండి. ఇంత కారు కొని ఆ ఒక్క పనిముట్టు దగ్గర ఆగకండి. కొత్త ప్లగ్గుల మరకు గ్రీజు పూయవద్దు. జారుడు ఎక్కువైతే రెంచ్ చెప్పే అంకె కంటే ఎక్కువ బిగుస్తుంది.

పాత ప్లగ్గులు పారేయకండి. ఏది ఏ సిలిండర్‌దో రాసిపెట్టండి. లేత గోధుమ రంగు మంచిది. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలి బొబ్బలు ఉంటే వేడి ఎక్కువ. పింగాణీ పొడవునా గీత గీసినట్టు నల్లటి జాడ ఉంటే రవ్వ బయటినుంచి జారుతోంది, అప్పుడు ఆ కాయిల్ రబ్బరు బూటు కూడా మార్చాలి. మార్చకపోతే పాత జాడ కొత్త ప్లగ్గునూ తినేస్తుంది.

దర్శి సర్వేయర్

వాహన బీమా సర్వేలు చేసేవాడిగా ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. పవర్ పెంచే సాఫ్ట్‌వేర్ వేయించి బీమా కంపెనీకి చెప్పకుండా ఉంటే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిము దగ్గర తగాదా వస్తుంది. మీరు ట్రాక్ అంటున్నారు, మామూలు పాలసీ సాధారణంగా ట్రాక్ మీద జరిగే నష్టానికి వర్తించదు. పాలసీ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి.

విడవలూరు రైతు

తమ్ముడు చెప్పినట్టు కాయిల్ మార్చి చూశాను. మళ్లీ పీ0303 వచ్చింది, అంటే కాయిల్ మంచిదే. కుదుపు మొదలవగానే కాలు తీశాను. టార్క్ రెంచ్‌కు చెప్పాను, రెండు రోజుల్లో వస్తుంది. సర్వేయర్ గారూ, పాలసీ చదివాను, మీరు చెప్పినట్టే ఉంది. సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం నాకింకా అర్థం కాలేదు.

ఒంగోలు కాలిబ్రేషన్

నమస్కారమండీ. నేను చెన్నై దగ్గర ఇంజను కాలిబ్రేషన్ పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. అప్‌డేట్ అనే మాటను రెండు వేరు వేరు పనులకు వాడుతున్నారు, మీ అయోమయం అక్కడే ఉంది.

ఇంజను కంప్యూటర్‌లో, అంటే ఈసీయూలో, ఒక ప్రోగ్రాము, దానితోపాటు అంకెల పట్టికలు ఉంటాయి. ఏ వేగంలో, ఎంత లోడులో, ఎంత బూస్ట్ ఇవ్వాలి, పిస్టన్ పైకి రావడానికి ఎన్ని డిగ్రీల ముందు రవ్వ వేయాలి, ఎంత పెట్రోలు పోయాలి, టార్క్ ఎక్కడ ఆపాలి, ఇవన్నీ పట్టికలే. తయారీదారు వాటిలో లోపాలు సరిదిద్ది ఇచ్చేది ఒక అప్‌డేట్. దాన్ని అధీకృత సర్వీసులో వేస్తారు. బయటి షెడ్డులో యాభై హార్స్‌పవర్ పెంచుతామని చెప్పేది రీమ్యాప్. అందులో బూస్ట్, టైమింగ్ (రవ్వ వేసే సమయం) పట్టికలను పెంచి రాస్తారు. మీకు చెప్పింది ఈ రెండోది. చిక్కబడిన గాలిలో రవ్వ దూకలేక తప్పుతున్న ఇంజనుకు బూస్ట్ ఇంకా పెంచితే ఏమవుతుందో గెలాక్సీ గారు రాసిన పేరా మళ్లీ చదివితే తెలుస్తుంది.

ఇంకొక అనుమానం. మీది సెకండ్ హ్యాండ్ కారు. అందులో ఇప్పటికే ఎవరో రీమ్యాప్ చేసి ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ నంబరు చూస్తే తెలియదు, నంబరు అలాగే ఉంచి పట్టికలు మార్చేస్తారు. స్కానర్‌లో వాహన సమాచారం అనే భాగంలో సీవీఎన్ అనే సంఖ్య ఉంటుంది, అంటే కాలిబ్రేషన్ వెరిఫికేషన్ నంబర్. పట్టికలను బట్టి ఈసీయూ లెక్కకట్టి చెప్పే సంఖ్య అది. అదే సాఫ్ట్‌వేర్ ఉన్న కంపెనీ కారు సీవీఎన్‌తో మీది సరిపోలకపోతే ఎవరో చేయి పెట్టారని అర్థం. సరిపోలినా పూర్తి భరోసా కాదు, దాన్ని కప్పిపుచ్చేవాళ్లూ ఉన్నారు. ఈసీయూలోని ఫైలును, అంటే ఆ పట్టికలను, బయటికి తీసి చదివి చూడటమే గట్టి దారి. ఏదైనా కొత్తగా రాయించే ముందు ఉన్నదాన్ని చదివి దాచుకోండి. ఈ మాట ఎవరూ చెప్పరు, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

మన ప్రాంతపు ఎండ గురించి కూడా ఆలోచించాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఇంజను పీల్చే గాలే వేడి. వేడి గాలి, తక్కువ ఆక్టేన్ పెట్రోలు, అంటే తనంతట తాను పేలకుండా తట్టుకునే గుణం తక్కువున్న పెట్రోలు, కలిస్తే రవ్వ పడ్డాక మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది, దాన్నే నాకింగ్ అంటాం. నాక్ సెన్సర్ అది విని టైమింగ్‌ను వెనక్కు లాగుతుంది, పవర్ తగ్గుతుంది. కంపెనీ పట్టికల్లో ఇందుకు వెసులుబాటు ఉంచుతారు. రీమ్యాప్ చేసేవాళ్లు ఆ వెసులుబాటునే కోసి పవర్‌గా అమ్ముతారు. 95 ఆక్టేన్‌కు రాసిన ఫైలుతో 91 పోసి 43 డిగ్రీల ఎండలో ట్రాక్ మీద తిప్పడం నాకు తెలిసి ఏ ఇంజనుకూ మంచిది కాదు.

ఫైలు రాసేటప్పుడు వోల్టేజి పడిపోకూడదు. మధ్యలో బ్యాటరీ జారిపోతే ఈసీయూ మూగబోతుంది, ఒక్కోసారి విప్పి బల్ల మీద పెట్టి బతికించాలి. రాసినంతసేపూ 13 వోల్టులకు తగ్గకుండా సప్లై ఇచ్చే చార్జర్ తగిలించి ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

ప్లగ్గులు మార్చిన రోజునే సాఫ్ట్‌వేర్ కూడా మార్చకండి. రెండూ ఒకేసారి చేస్తే ఏది నయం చేసిందో, రేపు తేడా వస్తే ఏది పాడుచేసిందో చెప్పలేం. ప్లగ్గులు మార్చి కనీసం మూడు వందల కిలోమీటర్లు నడిపి రండి. ఫైలు నేను చదివి చూస్తాను. ఇది నా వ్యాపారం కాదు, డబ్బు వద్దు.

విడవలూరు రైతు

పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను, మన్నించండి. చెరువు పట్టుబడి మధ్యలో వచ్చింది.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాను. గెలాక్సీ గారూ, టార్చి వేసి చూస్తే మూడో బావి అడుగున మీరు చెప్పిన ఉంగరం కనబడింది. మెత్తటి ఇసుక, ఎండిన ఆకు ముక్క. మిగతా మూడూ దాదాపు శుభ్రంగా ఉన్నాయి. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు ఊదాను. మీరు చెప్పకపోయి ఉంటే అదంతా సిలిండర్‌లో పడేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది.

ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో ఒకే రకం ప్లగ్గులు. లేత గోధుమ రంగు, సందు 0.95 నుంచి 1 మిల్లీమీటరు. మూడులో ఉన్నది వేరే కంపెనీది! దాని మీద హీట్ రేంజ్ అంకె మిగతా వాటిలాగే 7. కంపెనీ లెక్కలు తలకిందులుగా ఉంటాయని మీరు రాశారు కదా, సరిగ్గా అదే జరిగింది. ఎప్పుడో ఎవరో మూడోది ఒక్కటే పోయిందని, అంకె చూసి వేరే కంపెనీ 7 తెచ్చి పెట్టారు. దాని కొన తెల్లగా కాలిపోయింది, సందు 1.1 దాటింది, పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత. మర కూడా అతిగా బిగించి ఉంది, తీసేటప్పుడు నా గుండె గొంతులోకి వచ్చింది. దేవుడి దయవల్ల హెడ్డు మర బాగానే ఉంది.

నాలుగూ కొత్తవి, పార్ట్ నంబరు చూసి తెప్పించినవి. సందు కొలిస్తే నాలుగూ 0.75 వచ్చాయి, ముట్టుకోలేదు. మాన్యువల్ అంకెకు రెంచ్ పెట్టి బిగించాను, టక్‌మన్న శబ్దం నాలుగుసార్లు విన్నాను. మూడో కాయిల్ రబ్బరు బూటు మార్చాను.

ఆ రోజు సాయంత్రం నెల్లూరు నుంచి కావలి దాకా హైవే మీద వెళ్లాను. ముసునూరు టోల్‌గేటుకు ముందు రోడ్డు ఖాళీ దొరికింది. ఐదో గేరు, 80, అదే పరీక్ష. కుదుపు లేదు. ఒకే ఊపున, గొంతు సవరించుకుని పాడినట్టు వెళ్లింది. స్కానర్‌లో నాలుగు సిలిండర్ల మిస్‌ఫైర్ లెక్క సున్నా. కారు పక్కన ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

నాలుగు వందల కిలోమీటర్లు నడిపాక ఒంగోలు వెళ్లాను. మేడమ్ అనుమానం నిజమైంది. సీవీఎన్ సరిపోలలేదు. ఫైలు చదివి, బూస్ట్ పట్టికను, టైమింగ్‌ను ఎక్కడెక్కడ పెంచారో తెర మీద చూపించారు. రెండేళ్లుగా నేను నడుపుతున్నది 230 హార్స్‌పవర్ కారు కాదట. చెన్నై షెడ్డువాళ్లు దాని మీద ఇంకో రీమ్యాప్ రాసి ఉంటే ఏమయ్యేదో! అసలు ఏం మార్చారో చెప్పగలిగేవాళ్లు కూడా ఉండేవారు కాదు.

చాలా ఆలోచించి, అధీకృత సర్వీసులో కంపెనీ ఫైలునే తిరిగి వేయించాను. చార్జర్ తగిలించేదాకా పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు ఆ మొదటి ఊపు కాస్త తగ్గింది. దానికి బాధగానే ఉంది, దాచుకోను. కానీ మధ్యాహ్నం రెండు గంటల ఎండలో కూడా ఇంజను ఒకే తీరుగా లాగుతోంది, ఇదివరకు పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా ఉండేది. అది ఎండ వల్ల అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ట్రాక్ ఆలోచన ఎండలు తగ్గేదాకా వాయిదా వేశాను.

గెలాక్సీ గారూ, పాత ప్లగ్గులు నాలుగూ సిలిండర్ నంబరు రాసిన కవర్లలో ఉన్నాయి. రెండో ప్లగ్గు పింగాణీ మీద వెండి రంగులో రెండు మూడు చుక్కలు కనబడుతున్నాయి, ఫోటోలో సరిగా రావడం లేదు. అవి ఏమిటో మీరు చూస్తేనే నాకు నిద్ర పడుతుంది. బుధవారం మేత కోసం ఒంగోలు వస్తున్నాను, చీమకుర్తి దాకా వచ్చి మీ చేతికే ఇస్తాను.

చీమకుర్తి గెలాక్సీ

తప్పకుండా రండి. వెండి చుక్కలంటే నాకింగ్‌లో పిస్టన్ అల్యూమినియం చిట్లి అంటుకున్నదేమో చూడాలి. లెన్సు నా దగ్గర ఉంది. సిలిండర్ ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ కూడా తీసి పెడతాను, కారులోనే రండి. ఇంజను చల్లబడేదాకా భోజనం మా ఇంట్లోనే.